ఆరు నిలువులు

మొయినాబాద్ రోడ్డు మీద పంచర్ షాపులో టైరులోంచి గాలి 'సుయ్'మని వదిలినప్పుడల్లా నా మెడ మీది వెంట్రుకలు చేవెళ్ల దాకా లేచి నిలబడతాయి. షాపువాడు నాకు గాలంటే భయమనుకుంటాడు. కాదు. ఆ చప్పుడుతో ఆలూరు వెనక నీళ్లు నిండిన కంకర క్వారీ, దాని ఒడ్డున సిలిండర్ వాల్వ్ తిప్పి చెవి ఒగ్గి వినే జోసెఫన్న కళ్ల ముందుకొస్తారు.

జోసెఫన్నది ఎంకపల్లి. నౌకాదళంలో డైవరుగా చేసి రిటైరై వచ్చి, మాలాంటి పనిలేనివాళ్లకు సిలిండర్లు కట్టుకుని లోతుకు దిగడం నేర్పేవారు. ఆ క్వారీ నీళ్లెంత నల్లగా ఉండేవంటే, మధ్యాహ్నపుటెండ కూడా ఒడ్డు దాకా వచ్చి, చెప్పులు విడిచి, లోపలికి పోవాలా వద్దా అని ఆలోచించేది. అడుగున ఎప్పుడో మునిగిన టిప్పర్ లారీ ఉంది. దాన్ని చూడాలని నా పంతం.

వీపు మీద కట్టినవి కాక, పక్కకు తగిలించుకునే సిలిండర్లు ఎంచుకోమంటే అన్నిటికంటే పెద్ద ఇనుపదాన్ని కౌగిలించుకున్నాను.

"పెండ్లి దావతా పటేలా, పెద్ద గిన్నె జూసి గుంజుకునుడు? వీపు మీద ఇప్పటికే రెండున్నయి. పక్కకు గా ఇనుముది గూడ కట్టుకుంటే సీదా టిప్పర్ల డ్రైవర్ సీట్ల కూసుంటవ్. జర అల్యూమినియంది పట్టు."

రెండు తీసిచ్చారు. పెద్దది స్టేజి సిలిండర్, లోతులో పీల్చడానికి. దాని మీద తెల్లరంగుతో 40 అని రాసి ఉంది. చిన్నది డెకో సిలిండర్, నిండా అచ్చమైన ఆక్సిజన్. పైకి వచ్చేటప్పుడు తాడు పట్టుకుని ఆగి, ఒంట్లో ఇంకిన నైట్రోజన్‌ను మెల్లగా వదిలించుకోవడానికి. దాని మీద 6.

"ఇది పోనీకి, ఇది రానీకి. రానీకి ఉన్నదాన్ని లోతుల పీలిస్తే ఫిట్స్ వస్తయ్. అప్పుడు నువ్వు రావు, నిన్ను తేవాలె. సమజైందా?"

"అయిందన్నా."

కాలేదు. మా ఇంట్లో బావి లోతంటే మనిషి ఎత్తుతో కొలిచే నిలువులే. ఆరంటే ఆరు నిలువులనుకున్నాను. మరి నలభై నిలువులైతే ఈ క్వారీ కింద ఇంకో క్వారీ ఉండాలి కదా అన్న అనుమానమూ వచ్చింది. సర్పంచి కొడుకు తెలియదని అడుగుతాడా? తల ఊపాను.

ఇద్దరం దిగి టిప్పర్‌ను చూశాం. అద్దం లేదు. లోపల నల్లటి నీళ్లు, ఎవరో కూర్చున్నట్టు కూర్చున్నాయి. తిరుగు దారిలో జోసెఫన్న ముందు, నేను వెనక. నేను రేపిన బురదలో ఆయన లైటు మాయమైంది. లోతు చూపే గేజీని కళ్లకు ఆనించి చూస్తే పదకొండు మీటర్లు. నా ఎత్తుతో భాగించాను. ఆరు నిలువులు. చిన్న సిలిండర్ గొట్టాన్ని నోటి దాకా తెచ్చాను.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు.

గట్టిగా కాదు, దవాఖానలో నాడి చూసినట్టు. దున్నపోతులా గుంజానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, నిజానికి చిటికెన వేలు కూడా ఆడలేదు. ఆ చేయి నన్ను అలాగే పైకి తీసుకెళ్లి, గేజీ ఆరు చూపగానే వదిలేసింది. అక్కడ నీళ్లు తేటగా ఉన్నాయి. పక్కన ఎవరూ లేరు. ఎదురుగా జోసెఫన్న, రెండు చేతులతో తాడు పట్టుకుని, నా కోసం ఎదురుచూస్తున్నారు.

ఒడ్డెక్కగానే అడిగాను. "నా చెయ్యెందుకు పట్టినవన్నా?"

"నేను ఆరు కాడికెల్లి కదల్లే. నీ చెయ్యెట్ల పడ్త? ఏం జేస్తున్నవప్పుడు?"

నిలువుల లెక్కతో సహా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. బండ మీద కూలబడ్డారు.

"మీటర్లు పటేలా, ఆరు మీటర్లు! సమజైందా అన్న గని, ఏం సమజైందో జెప్పు అనలే. తప్పు నాది."

తడి బట్టలతోనే రంగు డబ్బా తెచ్చి, ప్రతి సిలిండర్ మీదా అంకె పక్కన 'మీటర్లు' అని రాశారు. ఆ చేయి ఎవరిదని మాత్రం అడగలేదు. నీళ్ల వైపు ఒక్కసారి చూసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు.

జోసెఫన్న తర్వాత జబ్బు చేసి మంచంలోనే పోయారు. ఇప్పుడక్కడ నేర్పేది నేను. సమజైందా అని ఎవరినీ అడగను, ఏం సమజైందో చెప్పించుకుంటాను. మొన్న చందనవెల్లి డేటా సెంటర్‌లో పనిచేసే ఒకమ్మాయి చిన్న సిలిండర్ పట్టుకుని నసుగుతూ వచ్చింది. "తెల్వక అడుగుతున్న, ఏమనుకోకన్నా. ఇది ఆరుకు పైన పీల్చాల్నా, కింద పీల్చాల్నా?" ఆ ప్రశ్నకు కాళ్లు మొక్కాలనిపించింది. చెప్పాను. తిరిగి చెప్పించుకున్నాను.

"ఫస్ట్‌టైమ్ టిప్పర్ కాడికి ఎంతమంది దిగిన్రన్నా?"

"ఇద్దరం దిగినం."

ఎంతమందిమి పైకి వచ్చామో ఆమె అడగలేదు. అడిగి ఉంటే, ఆ చేతిని లెక్కలో వేయాలో లేదో తెలియదని చెప్పేవాణ్ని.