గంట ముందు మంత్రిగారు

ఆదినారాయణగారు నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు, రెండుసార్లు రాష్ట్రానికి ఆర్థికమంత్రిగా చేశారు. కానీ బతికినన్నాళ్లూ ఒక్క సభకైనా చెప్పిన టైముకు రాలేదు. ఆలస్యంగా వచ్చే నాయకులు పల్నాడుకు కొత్త కాదు. వాళ్లతో ఎలా వేగాలో జనానికి తెలుసు. ఇంట్లో అన్నం తిని, ఓ కునుకు తీసి బయల్దేరితే సరిపోతుంది. ఆదినారాయణగారితో వేగడమే ఎవరికీ చేతకాలేదు. ఆయన గంట ముందు వచ్చేవారు.

ఈ జబ్బుతో అందరికన్నా ఎక్కువ వేగినవాడు ఆయన పి.ఏ. వెంకటకృష్ణ. ఇరవై రెండేళ్లు వేగాడు. ఆయన పోయి ఏడాది దాటినా తెల్లవారి ఆరయ్యేసరికి వెంకటకృష్ణ కాళ్లు చెప్పుల కోసం వెతుక్కుంటాయి. "పోదామా కృష్ణా?" అనే పిలుపు రాదు. విసుక్కోవడానికి ఎవరూ లేక, వచ్చి మంచం మీద కూర్చుంటాడు.

ఒకసారి చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు ప్రారంభోత్సవం, పది గంటలకు. మంత్రిగారు తొమ్మిదికే దిగారు. అక్కడ షామియానా వేస్తున్న నూర్ మొహమ్మద్ తప్ప పురుగు లేదు. అతను నిచ్చెన మీద నుంచి వెనక్కి తిరిగి చూడకుండానే అరిచాడు.

"ఎవరయ్యా అక్కడ? కాస్త ఆ తాడు పట్టుకో పెద్దాయనా. వదిలావంటే నా నడుం ఇరుగుద్ది!"

మిల్లు యజమాని నెత్తిన సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చేసరికి రాష్ట్ర ఆర్థికమంత్రి రెండు చేతులా తాడు పట్టుకుని, "ఇంకొంచెం ఎడమకు లాగనా?" అని అడుగుతున్నారు.

"అయ్యో సార్! ఏంది సార్ ఇది! వదలండి!"

"ఆయన దిగేదాకా నన్ను కదిలించకయ్యా. పడితే నీ మిల్లుకే చెడ్డపేరు."

రిబ్బను ఇంకా గుంటూరు నుంచి బయల్దేరనే లేదు. చివరికి ఆ షామియానా తాడు ముక్కనే గుమ్మానికి కట్టారు. కత్తెరకు లొంగలేదు, కొడవలి తెప్పించారు.

బడ్జెట్ రోజునైతే చెప్పక్కర్లేదు. అసెంబ్లీ తలుపులు తీయకముందే వచ్చి, పెట్టె ఒళ్లో పెట్టుకుని, రైలు కోసం చూసే ప్రయాణికుడిలా మెట్ల మీద కూర్చునేవారు. "ఈయన బడ్జెట్టు ముందొస్తుంది, డబ్బులు తర్వాతెప్పుడో వస్తాయి" అని ప్రతిపక్షంవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. దానికి అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వేవారు. వెనక నిలబడ్డ వెంకటకృష్ణకే తల కొట్టేసినట్టుండేది.

అతనూ ఊరుకోలేదు. ఏ సభకైనా రెండు రకాల కార్డులు అచ్చు వేయించడం మొదలుపెట్టాడు. జనం కార్డులో పదిన్నర, మంత్రిగారి కార్డులో పదకొండున్నర. ఆయన గంట ముందు వచ్చినా లెక్క సరిపోతుంది. రెండు నెలలు హాయిగా గడిచాయి. మూడో నెల రాజుపాలెంలో ఎవరో తెలియక జనం కార్డు ఆయన చేతిలో పెట్టారు. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు, జేబులో పెట్టుకున్నారు. మర్నాటి నుంచి రెండు గంటల ముందు రావడం మొదలుపెట్టారు.

"అంత ముందు పోయి ఏం చేస్తారు సార్?"

"కూర్చుంటానయ్యా."

"కూర్చోడానికి కుర్చీలు రావొద్దా సార్?"

"వస్తే దింపుతా."

ఈ గొడవంతా వెల్దుర్తిలో తేలింది.

ఎన్నికలు ఏడాది ఉన్నాయనగా, ఈసారి టికెట్టు ఆదినారాయణగారికి ఇవ్వాలా, ఎవరైనా కుర్రవాడికి ఇవ్వాలా అని చూసి రావడానికి పార్టీ ఒక పరిశీలకుణ్ణి పంపింది. ఏప్రిల్ నెల. వెల్దుర్తి హైస్కూల్లో మంచినీళ్ల ట్యాంకు ప్రారంభానికి ఆయన పదకొండింటికి వస్తానన్నాడు. ఆయనకు ఆర్భాటమంటే ప్రాణమనీ, స్వాగతం అదిరితే టికెట్టు ఖాయమనీ వెంకటకృష్ణకు నలుగురూ చెప్పారు. అందుకని రోడ్డుకు అటూ ఇటూ మూడు వందల మంది పిల్లలు, దోసిళ్లలో బంతిపూల రేకులు, అంతా పకడ్బందీగా ఏర్పాటు చేశాడు. "తొమ్మిదిన్నరకల్లా నిలబెట్టండి మేడం" అని హెడ్మిస్ట్రెస్ కృపమ్మకు మరీ మరీ చెప్పాడు.

ఇక మిగిలిన ప్రమాదం ఒక్కటే. అది మాచర్ల గెస్ట్‌హౌస్‌లో పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుంటోంది.

వెంకటకృష్ణ డ్రైవర్ మహమూద్‌ను పక్కకు లాగాడు.

"పదిన్నర దాకా కారు స్టార్ట్ కాకూడదు."

"ఎందుక్కాదన్నా? నిన్ననే సర్వీసింగ్ చేయించా."

"కాలేదని చెప్పవయ్యా!"

"అబద్ధం నా వల్ల కాదన్నా. బ్యాటరీ వైరు పీకేస్తా. అప్పుడు నిజంగానే కాదు."

ఎనిమిదింటికి మంత్రిగారు వచ్చారు. చప్పుడు చెయ్యని కారును చూసి "పాపం" అన్నారు. వెంకటకృష్ణ నిశ్చింతగా లోపలికి పోయి నాలుగిడ్లీలు తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మహమూద్ ఒక్కడే ఉన్నాడు.

"సార్ ఏరి?"

"మిరపకాయల ఆటో ఎక్కి పోయారన్నా. ముందు సీటు లేదు, బస్తాల మీద కూర్చుంటావా పెద్దాయనా అన్నాడు వాడు. ఎక్కేశారు."

"నువ్వేం చేస్తున్నావయ్యా?"

"టాటా చెప్పా."

వైరు కలిపి, ముందు పోతున్న గొర్రెల మందనల్లా తిట్టుకుంటూ వాళ్లు వెల్దుర్తి చేరేసరికి పది. రోడ్డు మీద ఒక్క పిల్ల లేదు. నేలంతా బంతిపూల రేకులు. బడి వరండాలో, నీడలో, పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. వాళ్ల ముందు మిరపఘాటుకు కళ్లు ఎర్రబడ్డ మంత్రిగారు తుమ్ముతున్నారు. పిల్లలు లెక్కపెడుతున్నారు.

"పదిహేడూ!"

"ఏంది మేడం ఇది?" అన్నాడు వెంకటకృష్ణ ఏడుపుగొంతుతో.

"సారు తొమ్మిదింబావుకే ఆటో దిగారండి," అంది కృపమ్మ. "పిల్లల్ని అప్పుడే బయటికి తెస్తన్నా. 'అతిథి వచ్చేశాడుగా, పూలు చల్లేయండి' అన్నారు. చల్లేశారు. వచ్చాక ఇంకా ఎండలో దేనికండీ?"

"అతిథి ఈయన కాదమ్మా! పరిశీలకుడు!"

"అదంతా నాకు తెలీదండి. నేను పనిచేసిన బళ్లలో పెద్దోళ్లు ఎప్పుడొచ్చినా ఇద్దరు ముగ్గురు పిల్లలు కళ్లు తిరిగి పడేవాళ్లు. ఈ సారు వస్తే మాత్రం ఎవరూ పడరు. ఇది నాలుగోసారి నేను చూడటం."

వెంకటకృష్ణ మంత్రిగారి వైపు తిరిగాడు. ఇన్నేళ్లూ ఆయన ఎన్నింటికి వచ్చారో రాసుకున్నాడు గానీ, ఆయన రాగానే ఎవరెవరు నీడకు పోయారో ఒక్కసారి చూడలేదు.

"ఈ ముక్క నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెబితే నువ్వు మూడో కార్డు అచ్చేస్తావు," అని మంత్రిగారు పద్దెనిమిదోసారి తుమ్మారు.

పదకొండయింది. పన్నెండయింది. పరిశీలకుడి జాడ లేదు. పన్నెండున్నరకు పిల్లలకు అన్నం వడ్డించారు. మంత్రిగారూ ఒక పళ్లెం తీసుకుని వాళ్ల వరసలో కూర్చున్నారు. అప్పుడు మోగింది వెంకటకృష్ణ ఫోను. అవతల పరిశీలకుడు.

"మాచర్ల దాటాం. పిల్లల్ని నిలబెట్టారా?"

"అన్నాలు తింటున్నారండి."

"అయితే లేపండి. ఎంతసేపు? అరగంటలో అక్కడుంటాం. మీవాడి టికెట్టు సంగతి గుర్తుందిగా?"

వెంకటకృష్ణ బయటికి చూశాడు. తారు రోడ్డు మీద ఎండ పొగలు కక్కుతోంది. లోపలికి చూశాడు. ఒక చిన్నపిల్ల తన కోడిగుడ్డు ఎవరూ లాక్కోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని తింటోంది. పక్కనే మంత్రిగారు సాంబారులో ముక్క కోసం వెతుక్కుంటున్నారు.

"సార్," అన్నాడు వెంకటకృష్ణ ఫోనులో, "మీరు కాస్త ముందు రావాల్సిందండి."

అవతల ఫోను పెట్టేశారు.

"ఎవరు కృష్ణా?"

"టికెట్టు సార్."

"ఏమంటది?"

"రానంటంది."

"సర్లే, కూర్చో," అని మంత్రిగారు కొంచెం పక్కకు జరిగారు. "అన్నం చల్లారిపోతంది."