బిందుప్రియ రాసిన మూడు తేదీలు

భిలాయ్‌లోని కోహ్కా పేటలో బసవరాజు గారమ్మాయి బిందుప్రియ అంటే తెలియని తెలుగిల్లు లేదు. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. తెలుగు ఇంట్లో మాట్లాడుకునేంత వచ్చు గానీ, కోపమొస్తే మాత్రం హిందీలోనే తిడుతుంది. తండ్రి ఉక్కు ప్లాంటులో పెయింటింగు పనులకి మనుషుల్ని పెట్టే చిన్న కాంట్రాక్టరు. పవర్ హౌస్ మార్కెట్లో టీ తాగినప్పుడల్లా "మా పిల్ల కలెక్టరవుతాది, సూస్కోండి" అని పదిమందికీ చెప్పుకునే మనిషి. అలాంటి తండ్రికి పుట్టిన పిల్ల ఇంజినీరింగు మూడో ఏట చేసిన నిర్వాకం ఇది. చెప్పాలంటే నాకే సిగ్గేస్తోంది, ఇక చేసినదాని సంగతి చెప్పేదేముంది.

అది ఎన్నికల ఏడు. ఓటర్ల జాబితా సరిచూడ్డానికి ఇంటింటికీ తిరిగే బూత్ ఆఫీసర్లకి సాయంగా కాలేజీ పిల్లల్ని వేశారు. బిందుప్రియకి కోహ్కాలోనే ఎనభై ఇళ్ళు వచ్చాయి. మే నెల. భిలాయ్ ఎండ సంగతి తెలిసిందే, పదిగంటలకే రోడ్డు పెనంలా కాలుతుంది. దానికి తోడు పై వారం సెమిస్టరు పరీక్షలు. అయినా మొదటి నాలుగు రోజులూ పిల్ల బుద్ధిగానే తిరిగింది. తలుపు కొట్టడం, ఇంట్లో ఎవరెవరున్నారో అడగడం, టిక్కు పెట్టడం. ఇచ్చిన చోట మజ్జిగ తాగడం.

తాళం వేసిన ఇళ్ళ దగ్గరే వచ్చింది చిక్కు. ఇంటికి తాళం ఉంటే మూడు వేర్వేరు రోజులు వెళ్ళాలని, మూడుసార్లూ మనుషులు లేకపోతేనే ఆ తేదీలు వేసి "ఇల్లు వదిలి వెళ్ళిపోయారు" అన్న గడిలో టిక్కు పెట్టాలని ముందే చెప్పారు. అలాంటి ఇళ్ళు పదకొండు తేలాయి. పదింటికి వాళ్ళే వచ్చేశారో, ఇరుగుపొరుగు చెప్పారో, ఎలాగో లెక్క తేలింది. మిగిలింది ఒక్కటి. నీలం తలుపు, రేకుల ఇల్లు. జాబితాలో పేరు అప్పలనరసమ్మ, వయసు అరవై నాలుగు.

ఇక్కడ కాలేజీ పిల్లల విద్య ఒకటి చెప్పాలి. ల్యాబ్ రికార్డులని ఉంటాయి కదా, వారం వారం ప్రయోగం చేసి రాయాల్సినవి. వాటిని వీళ్ళు సెమిస్టరు చివర ఒక్క బిగిన రాసేస్తారు. అన్నీ ఒకే రోజు రాసినట్టు కనిపించకుండా పెన్నులు మారుస్తారు. ఒకటి ముదురు నీలం, ఇంకోటి లేత నీలం, మరోటి కాస్త ఇంకు తేలేది. సీనియర్లు జూనియర్లకి నేర్పుతారు, మాస్టార్లు తెలిసీ తెలియనట్టు సంతకం చేస్తారు. ఎవరికీ నష్టం లేని మోసం అనుకుంటారంతా. బిందుప్రియ కూడా అలాగే అనుకుంది. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళకుండానే, మంచం మీద బాసింపట్టు వేసుకుని, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, మూడు పెన్నులతో మూడు తేదీలు వేసింది. గడిలో టిక్కు పెట్టింది. హమ్మయ్య అనుకుని చదువులో పడింది. బూత్ ఆఫీసరు దీదీ అంగన్‌వాడీ పనితో సతమతమవుతున్న మనిషి, పిల్లని నమ్మి సంతకం పెట్టేసింది. తర్వాత ఆ ఇంటి తలుపు కింద నోటీసొకటి తోశారు. అప్పలనరసమ్మకి హిందీ చదవడం రాదు. ఊరినించి వచ్చాక దాన్ని కరెంటాఫీసు కాగితమనుకుని డబ్బాలో దాచుకుంది.

నవంబరులో పోలింగు. స్కూలు గేటు దగ్గర తెల్ల టోపీ, మెడలో కార్డుతో బిందుప్రియ వాలంటీరు. ఆమెకీ అదే మొదటి ఓటు. పొద్దున్నే వేసేసి, వేలి మీద సిరా చుక్కతో ఫోటో తీసుకుని నలుగురికీ పంపించింది. ఎనిమిది కాకముందే ఒక పెద్దావిడ ఉతికి ఆరేసిన నేతచీర కట్టుకుని లోపలికెళ్ళి, కాసేపటికే బయటికొచ్చింది. సరాసరి ఈ పిల్ల దగ్గరికే వచ్చింది.

"నువ్వు బసవరాజు కూతురివి కదమ్మా? నా పేరు లేదంటన్నారు. ఓపాలి సూడు తల్లీ. నాను సచ్చిపోనానని గాని రాసీసారేటి?"

పేరడిగింది బిందుప్రియ. అప్పలనరసమ్మ అంది ఆవిడ. ఫోనులో చూడక్కర్లేకపోయింది, నీలం తలుపు కళ్ళ ముందుకొచ్చేసింది. అప్పుడే చెప్పేయాల్సింది. చుట్టూ క్యూలో తెలిసినవాళ్ళు, పక్కన తోటి వాలంటీర్లు, మెడలో కార్డు. నోరు ఇంకో దారి పట్టింది.

"మామ్మా, మీరు మేలో ఊరెళ్ళారా?"

"ఎల్లానమ్మా. మా కూతురు అరుణకి పెళ్ళయిన పదకొండేళ్ళకి కడుపు పండింది. కాన్పుకని బొబ్బిలి ఎల్లి రెండు నెల్లుండిపోనాను."

"అదే మరి. ఇంటికి తాళం ఉంది, అందుకే తీసేశారు. మీరు చెప్పి వెళ్ళాల్సింది."

ఎవరికి చెప్పి వెళ్ళాలి? ఆ సంగతి బిందుప్రియకే తెలీదు. క్యూలో ఇద్దరు ముగ్గురు తలలూపారు, నిజమే, చెప్పి వెళ్ళాలి అన్నారు. ఆవిడా తలూపింది.

"అయితే నాదే తప్పు. ప్లాంటు ఎక్స్‌టెన్సన్ పన్లలో రేజాగా, కూలిమడిసిగా ఇటికలు మోసిన కాణ్ణించీ ఒక్క ఓటు మానలేదమ్మా. మా ఆయన పోయిన పదమూడో రోజు కూడా ఎల్లి ఏసాను. ఇప్పుడు నాకు నానే పోగొట్టుకున్నాను."

స్కూలు మెట్టు మీద కాసేపు కూచుని, స్మృతి నగర్‌లో తను రొట్టెలు చేసే ఆడపిల్లల మెస్సుకి ఆలస్యమవుతోందని లేచి వెళ్ళిపోయింది. బిందుప్రియ సాయంత్రం దాకా చెయ్యి జేబులోంచి తీయలేదు, సిరా చుక్క ఎవరైనా చూస్తారేమోనని.

ఆ తర్వాత రెండు నెలలు ఆ పిల్ల పడిన అవస్థ పగవాళ్ళకొద్దు. అప్పలనరసమ్మ ఎదురొస్తే సందు మార్చేది. మెస్సులో తినే స్నేహితురాలు రొట్టెలు బావుంటాయి రమ్మంటే కడుపునొప్పనేది. ఒకరోజు ఉండబట్టలేక తండ్రికి చెప్పింది. బసవరాజు చాలాసేపు మీసం దువ్వుకుంటూ కూచుని, "అయిపోనాదేదో అయిపోనాది. ఇప్పుడు బయటెట్టి ఏటి సేస్తావ్? నీ పేరు పోతాది, నా పేరు పోతాది" అన్నాడు. అంతకుముందు వారమే కూతురికి ఉత్తమ వాలంటీరుగా షీల్డు వస్తోందని మార్కెట్టంతా చాటింపు వేసుకున్నాడు మరి.

జనవరిలో ఓటర్ల దినం నాడు కాలేజీ హాల్లో షీల్డు ఇచ్చారు. ఎనభై ఇళ్ళూ తిరిగి, ఒక్కటీ వదలకుండా లెక్క తేల్చిందని మైకులో పొగిడారు. చప్పట్లు మోగుతుంటే బిందుప్రియకి తల కొట్టేసినట్టయింది. ఫోటోకి నవ్వమంటే నవ్వింది. స్టేజీ దిగి ఇంటికి పోలేదు. కొత్తగా పేరు రాయించుకునే ఫారమొకటి తీసుకుని నేరుగా నీలం తలుపు దగ్గరికెళ్ళింది.

అప్పలనరసమ్మ గడపలో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బిందుప్రియ ఎదురుగా నేలమీద చతికిలబడి, హిందీ సగం తెలుగు సగం, మొత్తం చెప్పేసింది. ఒక్కసారే వచ్చానని. మూడు తేదీలూ ఇంట్లో కూచుని రాశానని. పెన్నులు మార్చానని. రేపు కాలేజీలోనూ చెప్పేస్తానని.

ఆవిడ తిట్టలేదు. కాయలు ఒలవడం మాత్రం ఆపింది.

"మూడు పెన్నులు ఎతికి రాసేవా? అంత కట్టపడేకంటే ఇంకోపాలి రావడం సులువు కాదేటమ్మా? మీ ఇంటికీ మా ఇంటికీ నాలుగీదులు."

బిందుప్రియ తలెత్తలేదు. "క్షమించండి మామ్మా. ఈ ఫారం నేనే నింపుతాను. వచ్చే ఎన్నికలకి మీ పేరు వచ్చేదాకా..."

"ఓటుదేవుంది, మళ్ళీ రాయించుకుంటాను. ఆవేల నాను ఇంటికొచ్చి ఏటి సేసానో తెలుసా?" అప్పలనరసమ్మ కాయలు పక్కకి నెట్టింది. "మా అరుణకి ఫోన్ సేసాను. నీ కాన్పుకి రాబట్టే నా పేరు కొట్టీసారు, ఈ ఊర్లో నన్ను మడిసి కింద జమకట్టకుండా సేసావు అనీసాను. సంటిబిడ్డ తల్లిని. అది ఏడిసి ఫోన్ ఎట్టీసింది. రెండు నెల్లయింది. నాను సేస్తే ఎత్తదు. పిల్ల పాకుతోందో లేదో కూడా నాకు తెలీదు."

తను చేసిన తప్పు ఓటుతో ఆగిందనుకుంది బిందుప్రియ ఇన్నాళ్ళూ.

"నీ ఫోన్లోంచి సెయ్యి" అంది ఆవిడ. "కొత్త నెంబరైతే ఎత్తుతాది. నాకు సెప్పడం కాదు, దానికి సెప్పు."

నంబరు ఆవిడ నోటికే చెప్పింది. నాలుగుసార్లు మోగాక అవతల ఎత్తారు. వెనక చంటిపిల్ల కేరింతలు వినిపిస్తున్నాయి.

"అలో, ఎవులండి?"

"అక్కా, నేను భిలాయ్ నుంచి. మీ అమ్మగారి పేరు తీయించింది నేను. మీ కాన్పు వల్ల కాదు. మీ ఇంటికి మళ్ళీ రాకుండానే వచ్చినట్టు రాసేశాను. ఆరోజు తప్పంతా ఆవిడ మీదికి తోసేశాను."

అరుణ నెమ్మదిగా అడిగింది, "ఎందుకలా రాసేరండి?"

ఎండ అందామనుకుంది బిందుప్రియ. పరీక్షలు అందామనుకుంది. ఎదురుగా అప్పలనరసమ్మ తనకేసే చూస్తోంది.

"బద్ధకం, అక్కా" అంది.

అవతల పిల్లని ఎవరికో అందిస్తున్న చప్పుడు వినిపించింది.

"ఫోను మాయమ్మకియ్యండి" అంది అరుణ.