అత్తమ్మ పాటకు తిరిగే కుర్చీ

నేను ఏదైనా కొంటానంటే మా ఆయన ముందుగా ఒక దండం పెడతాడు. ఒక్క ఫ్యాను కొనడానికి ఎండాకాలమంతా తీసుకున్న ఘనురాలిని నేను. ఏ వస్తువుకైనా దొరికిన రివ్యూలన్నీ చదువుతాను. ఒకే చుక్క ఇచ్చి తిట్టిపోసినవాళ్ళవి ముందు చదువుతాను. పొగిడేవాళ్ళకంటే తిట్టేవాళ్ళే వస్తువును శ్రద్ధగా వాడి ఉంటారని నా నమ్మకం. ఇంత చదివి కొన్న ఎయిర్ ఫ్రయర్ ఇప్పుడు మా ఇంట్లో బ్రెడ్డు డబ్బాగా కొలువు చేస్తోంది. నూనె లేకుండా అందులో చేసిన మొదటి మిరపకాయ బజ్జీని మా అత్తమ్మ కొరికి చూసి, "గిది బజ్జీ కాదే బిడ్డా, బజ్జీ ఫొటో" అంది.

అలాంటి నేను ఒక బతుకమ్మ పండుగకు రివ్యూలన్నీ పక్కన పెట్టి, వారం రోజుల్లో రెండు మైకులు కొన్నాను. అదంతా అత్తమ్మ గొంతు కోసం.

కాశిబుగ్గలో మా వీధికి పాట చెప్పే మనిషి మా అత్తమ్మ. బతుకమ్మలన్నీ నడుమ పెట్టి ఆడవాళ్ళంతా చుట్టూ తిరుగుతారు కదా, ఒకరు చరణం ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు దాన్నే అందుకుంటారు. వంగి చప్పట్టు, ఒక అడుగు, మళ్ళీ వంగి చప్పట్టు. ఎత్తుకునే గొంతు వలయానికి అవతలి అంచున ఉన్నవాళ్ళకు కూడా వినిపించాలి. లేకపోతే ఇటు ఒక చరణం, అటు ఒక చరణం అయి ఆట కాస్తా అంగడి అవుతుంది. మా అత్తమ్మ గొంతు అవతలి అంచుకే కాదు, అవతలి వీధికి కూడా వినిపించేది. జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టిన మనిషి. మగ్గాల చప్పుడులో అన్నం పెట్టమని అడగాలన్నా అరవాల్సిందేనని తానే చెప్పి నవ్వేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఆమెకు థైరాయిడ్ గడ్డ తీశారు. మనిషి తొందరగానే కోలుకుంది. గొంతు మాత్రం కిందికి దిగిపోయింది. దగ్గర కూర్చుంటే మాట చక్కగా వినిపిస్తుంది, కానీ పైకి లేవదు. మెల్లగా పాడుకోవచ్చని, అరవడం మాత్రం ఎప్పటికీ వద్దని డాక్టరు చెప్పారు. అరవకుండా వీధిలో పాట చెప్పడం ఎలాగో ఆయన చెప్పలేదు, ఆయనకు తెలియదు కూడా.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, అత్తమ్మ తంగేడు, గునుగు, బంతి వరసలు పెట్టి ఎప్పటిలాగే ముచ్చటగా బతుకమ్మను పేర్చింది. పేర్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు పోయి రా బిడ్డా."

"నువ్వు రావా అత్తమ్మా?"

"నేనొచ్చి ఏం జెయ్యాలె? గిన్నేండ్లు పాట చెప్పిన, ఇప్పుడు ఎన్కకు నిలవడి చప్పట్లు కొట్టాల్నా? నాతోని కాదు."

ఆ సాయంత్రం ఎవరో ఫోనులోంచి పాటలు పెట్టారు. అందరూ ఆడారు, నేనూ ఆడాను. తిరిగి వచ్చేసరికి అత్తమ్మ వీధివైపు కిటికీ మూసుకుని కూర్చుంది. పండుగ పూట కిటికీ మూసుకున్న ఆ మనిషిని చూస్తే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. డాక్టరు మీద రావడానికి వీల్లేదు, గడ్డ మీద వచ్చినా అది ఇప్పుడు లేదు. చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాటికి ఈమె పాట చెప్పి తీరాలి అనుకున్నాను. నేను పట్టిన పట్టు ఒక పట్టాన విడవనని మా ఇంట్లో అందరికీ తెలుసు.

బడిలో పాఠాలు చెప్పడానికి నేను నడుముకు ఒక చిన్న మైకు డబ్బా కట్టుకుంటాను. ముందు దాన్నే అత్తమ్మకు కట్టి చూశాను. తరగతి గదికి సరిపోయే ఆ డబ్బా మా వాకిలి దాటేసరికే నీరసపడింది. దాంతో పెద్ద స్పీకరు, దానికి బ్లూటూతులో కలిసే, కొంగుకు పెట్టుకునే చిన్న మైకు తెప్పించాను. వైరు లేదు, బరువు లేదు, చేతులు ఖాళీగా ఉంటాయి, చప్పట్లు కొట్టుకోవచ్చు. వస్తువు చూడ్డానికి మాత్రం బంగారం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కాబట్టి వాకిట్లో పరీక్ష పెట్టాను. పక్కింటి చిన్నమ్మ, ఎదురింటి అక్క, వాళ్ళ వదిన వచ్చారు. నడుమ ఒక స్టూలు వేసి దాని మీద స్పీకరు పెట్టాం. "మా కోడలు పైసలు పాడు చేసింది, గందుకన్న పాడాలె" అని సణుగుతూ అత్తమ్మ ఎత్తుకుంది. రెండు మాటలు పాడి ఠక్కున ఆగింది.

"ఏందే ఇది, నన్ను ఎక్కిరిస్తాంది!"

నిజమే, వెక్కిరించినట్టే ఉంది. ఆమె నోట్లోంచి వచ్చిన మాట స్పీకరులోంచి ఒక్క క్షణం వెనకబడి వస్తోంది. వైరు లేని సుఖానికి అది సుంకమట, తర్వాత చదివాను. ఫోనులో పాట వింటుంటే ఆ ఆలస్యం మనకు తెలియనే తెలియదు. బతుకమ్మలో తెలుస్తుంది. అత్తమ్మ పక్కనున్న చిన్నమ్మ నోటి పాటకు చప్పట్టు కొట్టింది, స్పీకరుకు ఎదురుగా ఉన్న వదిన స్పీకరు పాటకు కొట్టింది. ఒకరు వంగేసరికి ఇంకొకరు లేచారు. ఇద్దరి తలలు ఠంగుమన్నాయి. చిన్నమ్మ నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది.

ఆ స్పీకరును వెనక్కి పంపాను. పెళ్ళిళ్ళలో వాడే ఖరీదైన వైరు లేని మైకులకు ఈ జబ్బు ఉండదట. టెంటు సామాన్ల దుకాణంలో అడిగితే, పండుగకు అన్నీ ఎప్పుడో బుక్ అయిపోయాయని నవ్వారు. ఇక మిగిలింది వైరే. పొడవాటి వైరుతో, పిన్నీసులా కొంగుకు గుచ్చుకునే మైకు, దానికి తగిన బ్యాటరీ స్పీకరు తెచ్చాను. ఈసారి మాట, స్పీకరు ఒక్కటిగా పలికాయి. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

గంతు ఎంతసేపు? అత్తమ్మ స్టూలు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, వైరు కూడా స్టూలు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ప్రతి చుట్టుకూ కాస్త కాస్త పొట్టిదవుతూ, అత్తమ్మను లోపలికి లాక్కుంటూ పోయింది. పాట మీద ధ్యాసలో ఆమె చూసుకోలేదు. చివరికి స్టూలును కౌగిలించుకుని నిలబడి, "ఓ పిల్లా, నన్ను బర్రె లెక్క కట్టేసినవేందే?" అంది.

"పోనీ అత్తమ్మా, నువ్వు ఒక దగ్గర నిలబడి పాడు. వాళ్ళు తిరుగుతారు" అన్నాను.

నిలబడి ప్రయత్నించింది పాపం. రెండో చరణానికే మాట మరిచిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ మరిచిపోయింది. వందల చరణాలు నోటికి వచ్చిన మనిషి అలా తడుముకుంటుంటే నాకు భయం వేసింది. ఆపరేషన్ గొంతుతోపాటు ఇంకేమైనా తీసుకుపోయిందా అని కూడా అనుకున్నాను.

"మరిచిపోయింది కాదే" అంది అత్తమ్మ తనే. "వంగుతె ఒక మాట, అడుగేస్తె ఒక మాట వస్తది. తిరుక్కుంట పాడితెనే పాట. నిలవడి పాడితె అది మీటింగు."

అంటే మైకు ఆమెతో తిరగాలి, వైరు చుట్టుకోకూడదు, ఆలస్యం ఉండకూడదు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోమంటాయి ఈ వస్తువులన్నీ. ఆ రోజు నేను ఏదీ వదులుకోదలచుకోలేదు. విసుగెత్తి లోపలికి వెళ్ళి మా ఆయన కుర్చీలో ధబేలున కూర్చున్నాను. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో కొన్న, గిర్రున తిరిగే చక్రాల కుర్చీ అది. ఇప్పుడు ఉతికిన బట్టలు మడతపెట్టే దాకా కుప్ప పోయడానికి పనికొస్తోంది. కూర్చున్న విసురుకు అది నన్ను ఒక చుట్టు తిప్పి గోడవైపు నిలబెట్టింది.

అలా గోడను చూస్తూ నేను కేక పెట్టాను. స్టూలు తిరగదు కాబట్టే కదా వైరు చుట్టుకుంటోంది! నడుమ ఉన్నదే తిరిగితే?

బట్టల కుప్పను మంచం మీదికి దొర్లించి, కుర్చీని వాకిట్లోకి ఈడ్చాను. సీటు మీద స్పీకరు పెట్టి తాడుతో బిగించాం, కుర్చీ దొర్లిపోకుండా చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాం. వైరును కుర్చీ చేతికి ఒక ముడి వేసి అత్తమ్మ దాకా తెచ్చాను. ఆమె నడుస్తుంటే వెనకాల నేను వైరు పట్టుకుని కొద్దిగా లాగుతూ నడిచాను. కుర్చీ బుద్ధిగా మాతోపాటు తిరిగింది! తిరిగింది కానీ, స్పీకరు ముఖం అత్తమ్మ వైపు ఉండేసరికి చెవులు చిల్లులు పడేలా కూతపెట్టింది. స్పీకరును వెనక్కి తిప్పి కట్టాను. కూత ఆగింది. అంతకంటే మంచి సంగతి ఏమిటంటే, ఇప్పుడు అత్తమ్మ ఎక్కడుంటే స్పీకరు దానికి సరిగ్గా ఎదురు దిక్కు చూస్తోంది. ఆమె నోరు ఇవతలివాళ్ళకు పాడుతుంటే, కుర్చీ అవతలివాళ్ళకు పాడుతోంది.

అత్తమ్మ నాలుగు చుట్లు తిరిగింది. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. నడుస్తూ నడుస్తూ మెడ పక్కకు వంచి వింది.

"గిట్లుంటదానే నా గొంతు?" అంది మెల్లగా.

"ఇట్లనే ఉంటది అత్తమ్మా."

"మంచిగనే ఉన్నది" అని, ఏదో తప్పు మాట అన్నట్టు ముసిముసిగా నవ్వుకుంది.

సద్దుల నాడు వీధిలోకి కుర్చీ తోసుకుపోతుంటే రాని మాట లేదు. "ఎవలిని కూసోవెడ్తరు, మంత్రినా?" అని ఒకరు. "గౌరమ్మ నడుమల ఆఫీసు కుర్చీ ఏందే, పాపం తాకుతది" అని ఒక పెద్దవ్వ. దానికి మా అత్తమ్మ దగ్గర ముందే జవాబు ఉంది. కుర్చీ మీద కొత్త జంపఖానా కప్పింది, చేతులకు బంతిపూల దండలు చుట్టింది, పైన పసుపు కుంకుమ చల్లింది.

"ఇగ గిది కుర్చీ కాదవ్వా, పీట" అంది.

కుర్చీ చుట్టూ బతుకమ్మలు కొలువుదీరాయి. వైరు వాటి కొసలకు తగలకుండా నేను చెయ్యి ఎత్తి పట్టుకున్నాను. అత్తమ్మ కొంగు సర్దుకుంది. ఇప్పుడు గనక ఈ డబ్బా మొండికేస్తే, ఈ మనిషి మళ్ళీ ఎప్పుడూ ఈ వీధిలో నోరు విప్పదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

ఎత్తుకుంది. పాత గొంతు కాదది. పాతది వీధిని దులిపేసే గొంతు. ఇది కాస్త బరువుగా, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడినట్టు మెత్తగా ఉంది. అరవాల్సిన పని లేకపోయేసరికి, ఇన్నేళ్ళూ ఆ అరుపు కింద పడి కనిపించకుండా పోయిన వంపులన్నీ బయటికి వచ్చాయి. మొదటి చరణానికి ఎవ్వరూ అందుకోలేదు. మైకు పలకడం లేదేమోనని కుర్చీ వైపు చూశాను. తర్వాత అర్థమైంది, వాళ్ళు వింటున్నారు. రెండో చరణానికి వీధి మొత్తం అందుకుంది. ఇటు చప్పట్టు, అటు చప్పట్టు ఒక్కసారే పడ్డాయి.

నాకు ఏడుపు వచ్చింది. వైరు ఒక చేతిలో, కుచ్చిళ్ళు ఒక చేతిలో ఉండి కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఏడుస్తూనే తిరిగాను, తిరుగుతూనే పాడాను. అంతసేపు నేను ఎప్పుడూ ఆడలేదు. ఒక పాట అయితే ఇంకొకటి, అది అయితే ఇంకొకటి. ఇందాకటి పెద్దవ్వ పాటకూ పాటకూ మధ్య అత్తమ్మ గడ్డం పట్టుకుని, "గొంతు వోయిందన్నరు గదనే, గిదేడ దాచినవే గిన్నొద్దులు?" అని అడిగింది. అత్తమ్మ ఇంకో పాట ఎత్తుకుంది. కుర్చీ కిర్రుకిర్రుమంటూ, బంతిపూలు రాలుస్తూ, అలసట లేకుండా తిరిగింది. మా ఆయన గోడకు ఆనుకుని దాన్నే చూస్తూ, "నేను కూసున్నప్పుడు ఎన్నడన్న గింత మంచిగ తిరిగిందా అది?" అన్నాడు.

బతుకమ్మలను చెరువులో సాగనంపి, సత్తుపిండి పంచుకుని తిని, ఇంటికి వచ్చి పడ్డాం. కాళ్ళు పీకుతున్నాయి. పండుగ అయిపోయింది, ఇక ఏడాది దాకా దీనితో పని లేదు అనుకుంటూ స్పీకరును అట్టపెట్టెలో సర్దుతున్నాను. దుమ్ము పట్టకుండా పాత చీర కూడా చుట్టాను. అత్తమ్మ వీధి కిటికీ దగ్గర కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటోంది.

"అదేందే, డబ్బాల వెడ్తానవ్?"

"బతుకమ్మ అయిపాయె గద అత్తమ్మా."

"బతుకమ్మ అయిపాయె. నేను అయిపోయిన్నా?" అంది అత్తమ్మ. "తియ్యి బయటికి. తీసి ఛార్జింగ్ పెట్టు."