బార్నబస్ తిబోత్ ఆకుల బుట్ట

బార్నబస్ తిబోత్‌కి ఒక్కటే జబ్బు. ఎదురుపడ్డ మనిషి చేతిలో ఆకులు పెట్టకుండా వదిలిపెట్టడు. పలకరింపుకంటే ముందు లెట్యూస్ కట్ట చేతికొచ్చేది. పరామర్శకి చావింటికి వెళ్లినా చంకలో పాలకూర ఉండేది. వేరే ఊళ్లో అయితే ఇదేమంత విశేషం కాదు గానీ, ఎడారి ఊరు బెర్సెబాలో మాంసం మనుషులు తింటారు, ఆకులు మేకలు తింటాయి. ఈ పంపకం తాతల నాటి నుంచీ ఏ గొడవా లేకుండా సాగుతోంది. అలాంటి చోట అరవై దాటిన పెద్దమనిషి ఇంటింటికీ తిరిగి "తినండి, ఒంటికి మంచిది" అంటుంటే, మొహం మీద నవ్వకుండా ఉండటానికే జనానికి ఓపికంతా అయిపోయేది.

ముప్పయ్యేళ్లు గాలిమరలతో నీళ్లు తోడే బోర్లు బాగుచేసి ఇంటికి చేరిన మనిషి. ఊరికే కూచోలేక పెరట్లో ఓ తొట్టిని సగం లోతు భూమిలో పాతి, తిలాపియా చేపలు వదిలాడు. నీలం డ్రమ్ములు నిలువునా కోసి, కంకర నింపి, అందులో ఆకుకూరలు వేశాడు. పంపు చేపల నీళ్లని కంకరలోకి తోస్తుంది. నీళ్లలోని మురికి మొక్కలకి ఎరువవుతుంది. తేటపడ్డ నీళ్లు మళ్లీ తొట్టిలోకే వచ్చి పడతాయి. ఈ ఏర్పాటంతా అతను గంటసేపు వివరిస్తే, ఎదురింటి ఎల్సబె కూపర్ చెవికి ఎక్కింది ఒక్క ముక్కే: చేపలు దొడ్డికెళ్లిన నీళ్లతో పెరిగిన ఆకులు.

నలభై రెండు డిగ్రీల ఎండలో ఆ తొట్టికి చేసే సేవ చూడాలి. పైన చర్చి వాళ్లు పారేసిన టెంటు గుడ్డ, చుట్టూ తడి గోనెలు. బార్నబస్ నెత్తిన మాత్రం చిల్లులు పడ్డ టోపీ. బిడ్డకి నీళ్లు పోసే తల్లిలా గంటకోసారి మోచెయ్యి ముంచి వేడి చూసేవాడు. చేపలకి నీడా, నీకు ఎండా అని ఎల్సబె ఓసారి అడిగింది. తను ఉడికినా ఎవరూ తినరు గదా అన్నాడు.

ఎల్సబెకి నిజానికి నవ్వులాటలకి తీరిక లేని రోజులవి. మొగుడు పోయి ఆరేళ్లు, వాన మొహం చూసి మూడేళ్లు. పదకొండు మేకల్లో మిగిలింది ఒక్క గ్రీత. అదీ చూలుతో ఉంది, డొక్కలు దూరం నుంచే కనిపిస్తున్నాయి. గ్రీత బతికి ఈనితే టీలోకి పాలు, మందకి మళ్లీ మొదలు. గ్రీత పోతే ఎల్సబె ఇక మేకలున్న మనిషి కాదు. మేకల్లేని మనిషి మాట ఆ ఊళ్లో ఎవరూ ఆగి వినరు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి అన్నం సహించేది కాదు.

అలాగని చెయ్యి చాచే రకమూ కాదు. ఆ ఏడు చర్చిలో లూసర్న్ గడ్డి మోపులు పంచారు. పేరు పిలవగానే ఎల్సబె లేచి నిలబడి, నా మేకని నేను మేపుకోగలను, లేనివాళ్లకియ్యండి అని చెప్పి వట్టి చేతులతో ఇంటికొచ్చింది. దారంతా ఏడ్చింది, అది వేరే సంగతి. అప్పుడు పక్క బల్ల మీద బార్నబస్ గోళ్లు గిల్లుకుంటూ కూచుని ఉన్నాడు.

ఆకుల జబ్బు మొదలైంది ఆ వారంలోనే. అంతకుముందు ఆ ఆకులు ఏం చేసేవాడో ఎవరూ అడగలేదు. బుట్టతో వచ్చి తలుపు కొట్టి, లెట్యూస్ కట్ట ఎల్సబె చేతిలో పెట్టాడు. గడ్డి అయితే కాదనేది. ఇరుగుపొరుగు ప్రేమగా తెచ్చిన తిండిని ఎలా కాదంటుంది? అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, కట్ట తీసుకెళ్లి గ్రీత ముందు వేసింది. గ్రీత కట్టిన దారంతో సహా నమిలేసింది.

మర్నాడు పరీక్ష మొదలైంది.

"ఎలా వండావు చెల్లెమ్మా?"

ఎల్సబె దీనికి సిద్ధంగా లేదు. "కొవ్వులో వేయించాను అన్నా. భలే ఉంది."

"కాడలు కూడా తిన్నావా?"

"కాడలే ముందు తిన్నాను."

"కడుపుబ్బరం ఏమీ చెయ్యలేదు గదా?"

"లేదన్నా."

"విరేచనం గట్టిగానే అవుతోందా?"

ఎల్సబె తలుపేసుకుంది.

అయినా అతను మానలేదు, ఆమె అబద్ధాలూ ఆగలేదు. ఓ రోజు పుల్లటి పాలలో ఉడికించానంది. ఇంకో రోజు గొర్రె తోక కొవ్వుతో రొట్టె ముద్దలో పెట్టి కాల్చానంది. చర్చిలో డీకన్‌గా పెద్దరికం చేసే పక్కింటి యాకోబస్ బోయిస్ పరిస్థితీ అదే. ఆయనకి రెండు మేకలు. ఆ ఆకులు తిన్నాక మోకాళ్లు వంగుతున్నాయని ఓ కోత కోశాడు. అంతటితో ఆగక, కట్ట మొత్తం ఒక్క పూటలో పచ్చిగానే తినేశానన్నాడు. మర్నాటి నుంచి ఆయనకి రెండు కట్టలు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరూ గోడవారన చేరి, ఏ వంట ఎవరు చెప్పారో సరిచూసుకునేవాళ్లు. పులుసు నువ్వు చెప్పేశావా, అయితే నాకు ఇంకోటి చెప్పు అని డీకన్ బతిమాలుకునేవాడు. దేవుడి ఇంట్లో అబద్ధాలు పంచుకుంటున్నామని ఎల్సబెకి లోపల పీకుతూనే ఉండేది.

ఈలోగా గ్రీత డొక్కలు పూడుకున్నాయి, పొట్ట దిగింది. ఓ పొద్దున బార్నబస్ ఆకులిచ్చి వెళ్తూ కంచె దగ్గర ఆగి, పెరట్లోకి చాలాసేపు చూశాడు.

"నువ్వు కాస్త ఒళ్లు చేశావు చెల్లెమ్మా," అన్నాడు తృప్తిగా.

ఆ నాలుగు నెలల్లో ఎల్సబె గౌను రెండుసార్లు బిగించి కుట్టుకుంది. పాపం కళ్లు పూర్తిగా పోయాయి అనుకుంది.

జనవరి అంటే అక్కడ నడివేసవి, ఎండలు ముదిరాయి. ఒక రోజు పొద్దున బుట్ట రాలేదు. మధ్యాహ్నమైనా రాలేదు. గ్రీత కంచె దగ్గర నిలబడి ఒకటే అరుపు. చూడబోతే మేక కంటే ఎల్సబెకే కంగారెక్కువగా ఉంది. గడపలో నిలబడలేక ఎదురింటి పెరట్లోకి వెళ్లింది.

బార్నబస్ తొట్టిలో నడుం లోతు నీళ్లలో ఉన్నాడు. జగ్గుతో నీళ్లు తోడి, చెయ్యి పైకెత్తి, ఎత్తు నుంచి పోస్తున్నాడు. మళ్లీ తోడుతున్నాడు, మళ్లీ పోస్తున్నాడు. పంపు కాలిపోయింది. వేడి నీళ్లలో గాలి నిలవదు, నీళ్లు కదలకపోతే చేపలకి ఊపిరాడదు. అవన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి ఉన్నాయి. ఎప్పటి నుంచి పోస్తున్నావని అడిగితే తెల్లవారుజాము నుంచి అన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

ఎల్సబె ఇంకేమీ అడగకుండా డీకన్‌ని కేకేసి, తనో గిన్నె పట్టింది. ఆయన బకెట్‌తో వచ్చాడు. ఆకులతో వంగుతున్నాయన్న మోకాళ్లని నిజంగానే వంచి ఆయనా తోడాడు. ఇద్దరూ నీళ్లు పోస్తుంటే బార్నబస్ పంపు విప్పి, పాత గాలిమర సామాన్లలో వెతికి, సాయంత్రానికి దాన్ని మళ్లీ తిప్పాడు. నాలుగు చేపలు పోయాయి. విచిత్రమేమిటంటే, పంపు తిరగ్గానే అతను చేపల వైపు వెళ్లలేదు. డ్రమ్ముల దగ్గరికెళ్లి ఆకులు పట్టుకుని చూశాడు.

"బతికాయి. రేపు బుట్ట కొంచెం ఆలస్యమవుతుందేమో, ఏమీ అనుకోకు చెల్లెమ్మా."

ఆ మాటతో ఎల్సబె గుండె తరుక్కుపోయింది. మనిషి తన కోసం ఎండలో చావబోతుంటే, తను ఆ ఆకుల్ని మేకకి పడేస్తోంది. ఇంతకంటే పాపం ఉంటుందా?

మర్నాడు బుట్ట వచ్చాక ఒక కట్ట పక్కన పెట్టింది. గ్రీత అదోలా చూసినా లెక్కచెయ్యలేదు. ఆకులు కడిగి, తరిగి, ఉప్పూ వెనిగరూ ఉల్లిపాయ ముక్కలూ కలిపి, పెళ్లినాటి పళ్లెంలో పెట్టుకుని వీధి దాటింది. బార్నబస్ అప్పుడే మేక పక్కటెముకలు ముందేసుకుని కూచున్నాడు.

"అన్నా, నీకు నాలుగు నెలలుగా అబద్ధాలు చెబుతున్నాను. ఒక్క ఆకు కూడా నేను తినలేదు, అన్నీ గ్రీతకే పెట్టాను. నన్ను క్షమించు. ఇవాళ ఇద్దరం కలిసి తిందాం."

బార్నబస్ మొహంలో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. పళ్లెం చూశాక మాత్రం రంగు మారింది. రెండు వేళ్లతో ఒక ఆకు ఎత్తాడు. అటూ ఇటూ చూశాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, నమిలాడు, మింగుడు పడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్నా, నువ్వెప్పుడూ వీటిని తినలేదా?"

బార్నబస్ ఆకుని చేతిలోకి ఉమ్మేశాడు. "ఇవి మనుషులు తినేవా చెల్లెమ్మా?"

ఎల్సబెకి కాడలు, కడుపుబ్బరం, విరేచనం, ఒళ్లు చేశావన్న మాట, అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ రోజు చర్చిలో పక్క బల్ల మీద కూచున్నది ఎవరో కూడా గుర్తొచ్చింది.

"మేకకని చెప్పి ఇవ్వొచ్చుగా," అంది చివరికి.

"చెబితే తీసుకునేదానివా?"

ఎల్సబెకి కోపం రావాలి, రాలేదు. ఇద్దరూ పళ్లెం పట్టుకుని గ్రీత దగ్గరికి నడిచారు. గ్రీత ఉల్లిపాయలు వదిలేసి మిగతాదంతా తినేసింది.

పది రోజులకి గ్రీత ఈనింది. కవలలు. ఆ కబురు ఊరంతా తెలిసింది గానీ ఆకుల సంగతి ఇద్దరి మధ్యే ఉండిపోయింది. డీకన్ పాపం ఇప్పటికీ కొత్త వంటలు కనిపెడుతూనే ఉన్నాడు. బార్నబస్ ఇప్పటికీ పొద్దున్నే బుట్టతో వస్తాడు, అంతే గంభీరంగా అడుగుతాడు. పిల్లలు పుట్టి నెల తిరిగాక కూడా అడిగాడు.

"నిన్నటి ఆకులు ఎలా ఉన్నాయి చెల్లెమ్మా?"

"బాగున్నాయన్నా. కొవ్వులో వేయించాను."

"కాడలు?"

"కాడలు నేను తిన్నాను. లేతవన్నీ పిల్లలిద్దరికీ పెట్టాను."

బార్నబస్ తలూపి, బుట్టలోంచి ఇంకో కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.