ఇరవై ఏడుగురి తిరుగు ప్రయాణం

మా అపార్టుమెంటు పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేరు కుర్రవాళ్లు నలుగురు ఈ శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్తున్నారట. కింది ఇంటి పెద్దాయన, అంటే నేను, ఒకప్పుడు నడిచానని ఎవరో చెబితే మొన్న ఆదివారం పొద్దున సలహా కోసం వచ్చారు. ఎలాంటి చెప్పులు వేసుకోవాలి, నీళ్లెక్కడ దొరుకుతాయి, అడవిలో కోతుల బెడద ఎంత అని ఎంతో శ్రద్ధగా అడిగారు. తిరిగి ఎలా వస్తారు నాయనా అని నేనడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ పని ఎప్పుడో అయిపోయిందట. ఒకతనికి బస్సు, ఒకతనికి స్నేహితుడి కారు, మిగిలిన ఇద్దరూ అటునుంచి అటే బెంగళూరు. అన్నీ ఫోనులో చూపించి, టీ తాగి వెళ్లిపోయారు. నేను బాల్కనీలోకి వెళ్లి మదీనాగూడ రోడ్డు మీది బండ్లను చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. నా ఈడువాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒప్పుకుంటారు, ఆ రోజుల్లో నడిచి వెళ్లడం పెద్ద పని కాదు, మొక్కు తీర్చుకునే ఉత్సాహమే కాళ్లను లాక్కుపోయేది. మనుషులను పోగేసుకుని తిరిగి రావడమే అసలు పని. ఆ పని ఒకసారి నా నెత్తిన పడింది, నేను గెలిచాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమేమీ లేదు.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాదాపూర్ అంటే ఇంకా బండలూ తుమ్మ చెట్లే, ఆ బండలను పేల్చి చదును చేసిన చోట ఒక్కొక్కటిగా ఆఫీసు భవనాలు లేస్తున్నాయి. అలాంటి ఒక భవనం పని జరిగే చోట నేను టైమ్‌కీపర్‌ని. ఎవరు ఎన్నింటికి వచ్చారో హాజరు పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. పుట్టి పెరిగింది శేరిలింగంపల్లి పక్క పల్లెలో కాబట్టి సైకిలు మీద వచ్చిపోయేవాణ్ణి. నాకు చిన్నప్పటినుంచీ జాబితాల పిచ్చి. పెళ్లికి వెళ్తే వడ్డించిన వంటకాలు కూడా వరసగా రాసుకునే రకాన్నని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. స్లాబులు పోయడానికి పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రి, అతని గుంపు, ఆడా మగా కలిసి ఇరవై ఆరుగురు, ఆ సైటులోనే రేకుల షెడ్లలో ఉండేవారు. అంతకుముందు సంవత్సరం ఇంకెక్కడో పని చేస్తుండగా స్లాబుకు కట్టిన సెంట్రింగు చెక్కలు కూలిపోయి, వాళ్లలో నలుగురు కింద పడ్డారట. ఒక్కరి ప్రాణం మీదికీ రాలేదు. గుంపంతా నడిచి వస్తామని మేస్త్రి అప్పుడే మల్లన్నకు మొక్కుకున్నాడు. మా ఆవిడ పెద్ద జబ్బు చేసి లేచిన సంవత్సరం కాబట్టి నాకూ ఒక మొక్కు ఉంది. అలా నాతో ఇరవై ఏడుగురం అయ్యాం.

సెలవు అడగడానికి ఇంజనీరు గారి దగ్గరికి నేనే వెళ్లాను. ఆయనది గోదావరి వైపు, మాట మెత్తన, పని మాత్రం గట్టి. "దేవుడి పని నేను కాదనలేనండి. కానీ శివరాత్రి వెళ్లిన రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి ఐదో అంతస్తు స్లాబండి. ఒక్కరు తగ్గినా నేను వేరే గుంపుకి ఇచ్చేస్తానండి, ఆ తర్వాత మీరు నన్నేమీ అనకూడదు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, కలిపేవాళ్ల నుంచి పైకి అందించేవాళ్ల దాకా వరుసలో ఎక్కడ ఒక మనిషి తగ్గినా పని నిలిచిపోతుంది. వేరే గుంపు వచ్చిందంటే మా వాళ్ల పనితో పాటు షెడ్లు కూడా పోయినట్టే, ఇరవై ఆరుగురూ మళ్లీ మూటలు నెత్తిన పెట్టుకుని కూలీల అడ్డా మీద నిలబడాలి. అందరినీ తీసుకొస్తానని పూచీ పడి బయటికి వచ్చాను. మేస్త్రి మాత్రం చల్లగా, "పోవుడు మల్లన్న చూసుకుంటడు సారూ, వచ్చుడు నువ్వు చూసుకో" అని బాధ్యత పంచేశాడు.

హాజరు పుస్తకం చివరి పేజీల్లో నా పథకం రాసుకున్నాను. దాని బలమంతా ఒక ఆచారం మీద ఉంది. తీర్థం వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎవరి గడపా తొక్కకూడదు, నేరుగా ఇంటికే రావాలి. మా పెద్దవాళ్లు పాటించారు, మేమూ పాటించేవాళ్లం, చుట్టాలిల్లు దారిలోనే ఉన్నా ముఖం తిప్పుకుని వచ్చేసేవాళ్లం. శ్రీశైలం నుంచి వచ్చే రోడ్డు కల్వకుర్తి దగ్గర సరిగ్గా మా వాళ్ల ఊరి ముందునుంచే వస్తుంది. అక్కడ ఎవరైనా దిగిపోతే మళ్లీ పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఒకరికి బర్రె ఈనుతుంది, ఒకరి పిల్లకు జ్వరమొస్తుంది. కాని ఆచారం ఉంది కదా, వాళ్లే దిగరు అని నేను ధీమాగా ఉన్నాను. మేం బయలుదేరిన రోజు మేస్త్రి తల్లి షెడ్డులో కలశం ముందు దీపం వెలిగించింది. ఆమె ఆ ఇరవై ఆరుగురి లెక్కలో లేదు, మోకాళ్ల నొప్పులతో నడవలేదు. మేం తిరిగి వచ్చేదాకా దీపం కొండెక్కనివ్వనని, రోజూ ఒక్కపొద్దే ఉంటానని చెప్పి దాని ముందు కూర్చుంది.

ఎనిమిది రోజులు నడిచాం, నల్లమల దాకా కల్వకుర్తి రోడ్డు కాకుండా పల్లెల మీదుగా అడ్డదారుల్లో. దాని గురించి చెప్పాలంటే ఇంకో పుస్తకం కావాలి. మూడో రోజుకు నా మడమల మీద చర్మం లేదని, ఇటుకలు మోసే ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ నన్ను దాటిపోతుంటే సిగ్గుతో చచ్చానని, నల్లమలలో ఒక పొద్దున నెమళ్ల గుంపు రోడ్డు దాటేదాకా మేమంతా చేతులు కట్టుకుని నిలబడ్డామని మాత్రం చెప్పి ఊరుకుంటాను. శివరాత్రి నాడు దర్శనమైంది, జాగారమూ అయింది. అందరూ దేవుడి వైపు చూస్తుంటే నా కళ్లు బస్టాండు వైపే ఉన్నాయి.

తెల్లవారి అక్కడికి వెళ్తే ఇసుక వేస్తే రాలనంత జనం. వచ్చిన ప్రతి బస్సూ ఆగకముందే నిండిపోతోంది, కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరి సీట్లు పట్టుకుంటున్నారు. ఇరవై ఏడుగురం ఒకే బస్సులో ఎక్కడం కలలోని మాట, పది బస్సుల్లో చెల్లాచెదురైతే నా పూచీ గంగలో కలిసినట్టే. బస్టాండు కంట్రోలరును బతిమాలితే ఆయన విసుగ్గానే ఒక దారి చూపించాడు. ఒకే వైపు వెళ్లేవాళ్లు యాభై మంది ఉంటే ఒక బస్సు మొత్తం ఇస్తాడు, అది మేం చెప్పిన చోటికి నేరుగా వెళ్తుంది. ఇంకా ఇరవై ముగ్గురు కావాలి. బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి చించి, బొగ్గుతో మాదాపూర్, శేరిలింగంపల్లి, మదీనాగూడ, బాలానగర్ నేరుగా అని పెద్ద అక్షరాలతో రాసి, దాన్ని నెత్తి మీద పట్టుకుని ఆ జనంలో తిరిగాను. మామూలుగా నలుగురిలో గొంతు లేవని మనిషిని, ఆ రోజు కూరగాయలమ్మేవాడిలా అరిచాను. బాలానగర్ కార్ఖానాల్లో పనిచేసేవాళ్లు పదకొండు మంది దొరికారు. పాల వ్యాపారం చేసే మదీనాగూడ కుటుంబం ఒకటి దొరికింది, వాళ్లు ఏడుగురు. చివరి ఐదుగురు వేరే బస్సు మెట్ల మీద కాలు పెట్టినవాళ్లు, నా అట్టముక్క చూసి దిగి వచ్చారు. యాభై మందిని వరుసలో నిలబెట్టి కంట్రోలరును పిలిస్తే ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకుని, మీరు పట్నంలో ఏం చేస్తుంటారు అని అడిగాడు. మనుషులను లెక్కపెడుతుంటానని చెప్పాను.

బస్సు వచ్చింది, అందరం ఎక్కాం, నేను రాజ్యం గెలిచినట్టు ముందు సీట్లో కూర్చున్నాను. అప్పుడు మేస్త్రి నెమ్మదిగా నా పక్కకు వచ్చి, "జర మా ఊరి కాడ ఆపిపియ్యి సారూ, ఇండ్లకు పోయి పొద్దుగాల మొదటి బస్సుకు వస్తం" అన్నాడు. ఆచారం గుర్తుచేశాను. అతను ఆశ్చర్యంగా చూశాడు. "అందుకే గద సారూ, నేరుగ ఇంటికి పోవాలె. మా ఇల్లు గాడ్నే ఉన్నది. సైటు ఇల్లెట్లయితది?" వెనక నుంచి పది గొంతులు అవునన్నాయి. పథకంలో రోడ్డు రాశాను, బస్సు రాశాను, గంటలూ నిమిషాలూ రాశాను. ఇల్లంటే ఏదని వాళ్లను ఒక్కసారి కూడా అడగలేదు. రేకుల షెడ్డును వాళ్ల ఇల్లనుకున్నది నేను, సాయంత్రం కాగానే సైకిలెక్కి సొంత ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. వాళ్లతో వాదించడానికి నాకు ముఖం చెల్లలేదు. మేస్త్రి కూతురు, ఐదేళ్ల పిల్ల, ఆ ఊళ్లో అతని అన్న ఇంట్లో పెరుగుతోంది, వాళ్లు ఆ పిల్లను చూసి ఐదు నెలలైంది.

అప్పుడు లేచింది మేస్త్రి భార్య. ఎనిమిది రోజుల నడకలో పది మాటలైనా మాట్లాడని మనిషి. "నా బిడ్డ గా ఊర్లె ఉన్నది నాకెరుక లేదా?" అంది మొగుడితో, అందరికీ వినబడేలా. "గని మనం యాడికెల్లి ఎల్లినం? అత్త ఒక్కపూట తిని దీపం కాడ కూసున్నది. మీ ఇండ్లల్ల మనకోసం దీపమెవలు పెట్టిండ్రో చెప్పుండ్రి, గాడ్నే దిగుదాం." మేస్త్రి తల వంచుకుని తన సీట్లోకి వెళ్లి కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, నా పూచీ నిలబడిందని సంతోషించడానికి సిగ్గేసింది.

ఆ సిగ్గులోంచే నాకొక ఆలోచన వచ్చింది. డ్రైవరును పది నిమిషాలు ఆగమని, పరుగున ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, నా పుస్తకంలో రాసుకున్న నంబరు చూసి, వాళ్ల ఊరి రోడ్డు మీద ఉండే ఎరువుల దుకాణానికి ఫోను చేశాను. బస్సు వస్తోంది, మా వాళ్లు దిగరు, మీరే రోడ్డు మీదికి రండి అని ఊళ్లోకి కబురు పంపమన్నాను.

మధ్యాహ్నం బస్సు అక్కడికి చేరేసరికి ఊరు ఊరంతా రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఒక్కరంటే ఒక్కరు బస్సు దిగలేదు. కిటికీల్లోంచి చేతులు బయటికి, కింది నుంచి చేతులు పైకి, ప్రసాదం పొట్లాలు దిగుతుంటే జొన్నరొట్టెల మూటలు ఎక్కుతున్నాయి. విభూతి పెట్టించుకోవడానికి ముసలివాళ్లు మునివేళ్ల మీద నిలబడ్డారు. మేస్త్రి అన్న పిల్లను రెండు చేతులతో కిటికీ దాకా ఎత్తాడు. తల్లి నుదుటన విభూతి రాసి, ఇక దించమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్ల ఆ చేతిని వదల్లేదు. కండక్టరు ఈల వేశాడు, పిల్ల ఏడుపు అందుకుంది, మేస్త్రి ఒక్క ఉదుటున లేచి భుజాల కింద చేతులు వేసి దాన్ని కిటికీలోంచి లోపలికి లాగేశాడు. బస్సంతా ఆమె వైపు చూసింది, అందరినీ ఆపినావిడ కదా. ఆమె పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కొంగు సర్దుకుంటూ, "దిగొద్దన్నం గని, ఎక్కొద్దనలే కద" అంది. యాభై మందీ గొల్లున నవ్వారు, బాలానగర్ వాళ్లు హర హర మహాదేవ అని కేక వేశారు. కండక్టరు కూడా ఆ పిల్లకు టిక్కెట్టు సంగతి ఎత్తలేదు.

దీపాలు పెట్టేవేళకు సైటు ముందు దిగాం. కాళ్లు కడుక్కుని అందరూ వరుసగా ఆ షెడ్డులోకే నడిచారు. ముసలమ్మ లేవలేక కూర్చునే ఒక్కొక్కరి తల నిమిరింది, మనవరాలిని చూసి మాత్రం గోడ పట్టుకుని లేచి నిలబడింది. మరునాడు పొద్దున ఎనిమిదికి పదిహేను నిమిషాల ముందే నేను హాజరు తీశాను. ఇంజనీరు గారు ఎదురుగా నిలబడి వేళ్లతో లెక్కపెట్టుకున్నారు. ఇసుక కుప్ప మీద కూర్చున్న పిల్లను చూసి, "ఒకరు ఎక్కువున్నారేంటండీ" అన్నారు. చీకటి పడకముందే ఐదో అంతస్తు స్లాబు పూర్తయింది. నా ఉద్యోగ జీవితంలో తర్వాత ఎన్నో భవనాలు చూశాను, పెద్ద పదవి కూడా వచ్చింది, కాని ఆ రోజు హాజరు పుస్తకం మూసినప్పుడు కలిగిన గర్వం మళ్లీ నాకు ఎప్పుడూ కలగలేదు.

ఆ సంవత్సరం తిరగకముందే భవనం పూర్తయి షెడ్లు విప్పేశారు, గుంపు ఇంకో పనికి వెళ్లిపోయింది. మాదాపూర్ ఎలా మారిందో మీకు చెప్పనక్కర్లేదు, మా షెడ్లున్న చోట ఇప్పుడు కార్లు నేలమాళిగలోకి దిగే దారి ఉంది. మేస్త్రి ఊళ్లోనే స్థిరపడ్డాడు, పక్కా ఇల్లు కట్టుకున్నాడు, అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. ఇప్పటికీ ప్రతి శివరాత్రికీ నడుస్తాడట. కిందటిసారి మాటల్లో, "ఇప్పుడు ఫికరు లేదు సారూ, బస్సు మా ఇంటి ముంగటనే ఆగుతది" అని నవ్వి, ఆ వెంటనే, "ఒక్కన్నే దిగుత" అన్నాడు. ఎవరికి వారికి ఇల్లు అమరింది, అది మంచిదే, అందుకోసమే కదా అంతమందిమీ అంత కష్టపడ్డాం. అయినా ఇరవై ఏడుగురు, బొబ్బలెక్కిన కాళ్లతో, ఎవరిదీ కాని ఒక రేకుల షెడ్డును ఇల్లనుకుని నేరుగా నడిచి రావడం ఒకసారి చూసినవాణ్ణి. ఇప్పుడు ఎంత దూరం వెళ్లి వచ్చినా, తాళం తీసి మా ఇంట్లో అడుగు పెట్టగానే నా వెనక ఇంకా ఎవరో రావాలనిపిస్తుంది.