లిఫ్టాయన ఆపిన లిఫ్టు

సెక్రటరీ మీద కోపంతో లిఫ్టు ఆపి, సొంత పెళ్ళాం ప్రాణం తీశాడని లిఫ్టాయన గురించి వీధి చివరి కొళాయి దాకా చెప్పుకుంటున్నారు. కోపం మాట పచ్చి అబద్ధం. ఆ మేడ బాగోగులు చూసే సెక్రటరీతో ఆయనకు లిఫ్టు ఆపే ముందురోజు దాకా మాటామంతీ బాగానే ఉంది. మిగతాది కూడా అబద్ధమని కొట్టిపారేద్దామంటేనే నోరు రావడం లేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆయన పని లిఫ్టులు బాగుచెయ్యడం. కాపురం అదే మేడలో, ఐదో అంతస్తులో. నెలకోసారి పైన మోటారు గదిలోకి ఎక్కి, ఉక్కుతాడు చుట్టూ పాత నూలుగుడ్డ పట్టుకుని లిఫ్టును మెల్లగా నడిపిస్తాడు. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఒక తీగ తెగినట్టు. ఆ గది తలుపు వెనక సుద్దతో ఒక మాట రాసుకున్నాడు. ఇంటి మీద పిట్టగోడ కట్టమనీ, ఎవరైనా పడితే ఆ రక్తం ఆ ఇంటి మీదికి వస్తుందనీ బైబిల్లో, ధర్మశాస్త్రంలో దేవుడు చెప్పిన మాట. చర్చిలో ఎవరికీ పట్టని వాక్యం. ఆయనకు మాత్రం తన పని కోసమే రాయించినట్టు ఉండేది.

ఆ నెల గుడ్డ ఒకే జానెడులో తొమ్మిదిచోట్ల చిక్కుకుంది.

కబురు తెలిసి సెక్రటరీయే పైకి వచ్చాడు. "మూడువారాల్లో కొత్త తాడు వస్తుందయ్యా. అంతదాకా నడవనీ. నీ కాగితంలో బాగుందని రాసెయ్."

"రాయలేనండి."

"గుండెజబ్బు మనిషి నీ ఇంట్లోనే ఉంది కదయ్యా! మెట్లు దిగగలదా ఆవిడ? నీ కాళ్ళు నువ్వే నరుక్కుంటావా?"

"రాయలేనండి" అని మళ్ళీ అని, లిఫ్టుకు తాళం వేసి బోర్డు తగిలించాడు.

ఆయన వదిన, అంటే భార్యకు అక్క, కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకుని ఉంటుంది. ఆ సాయంత్రమే రొప్పుకుంటూ ఐదంతస్తులూ ఎక్కింది.

"మరిదిగారూ, ముందుగది ఖాళీ చేశాను. మిషను వంటింట్లోకి నెట్టాను. చెల్లిని కుర్చీలో మెల్లగా దింపండి. మూడువారాలే కదా."

"వద్దు వదినా. దేవుడు చెప్పింది నేను చేశాను. మనిషిని చూసుకోవడం ఇక ఆయన పని."

"ఆయన పనికి నేనేమన్నా అడ్డమొచ్చానా? గది ఇస్తానంటున్నా, అంతే!"

మంచం మీద భార్య నవ్వింది. "దింపెయ్యండి. అక్క తిట్లు వింటుంటే నాకూ పొద్దుపోతుంది."

"ఇప్పుడు దింపితే నమ్మనట్టే" అన్నాడాయన.

ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాడు. లిఫ్టు ఆపాను, భార్యను దేవుడి చేతిలో పెట్టాను అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నలుగురి ముందు అలా అనేశాక ఆవిణ్ణి కిందికి దింపడం ఇంకా కష్టమైపోయింది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆవిడకు ఊపిరి అందలేదు. ఆయన ఒకవైపు, మేడ కింద ఇస్త్రీ చేసే అతను ఒకవైపు కుర్చీ పట్టుకున్నారు. నాలుగో అంతస్తు దాటారు, మూడు దాటారు. మలుపుల్లో మోచెయ్యి గోడకు రాసుకుంటుంటే ఆవిడే లోపలికి ముడుచుకుంటూ వచ్చింది. రెండో అంతస్తు మలుపులో ఆ చెయ్యి జారి వేలాడింది. కింద అక్క ముందుగదిలో పరుపు దులుపుతూ ఉంది.

మరుసటి వారమే సెక్రటరీ ఇంకో మెకానిక్కును పిలిపించి, పాత తాడుతోనే లిఫ్టు నడిపించాడు. కొత్తది రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ జనం ఎక్కారు, దిగారు. తాడు తెగలేదు. "తాడుకేమైందట మరి?" అని కొందరు ముఖం మీదే అడిగారు. ఆయన మాత్రం మెట్లే ఎక్కాడు. పరామర్శకు వచ్చిన పాస్టరుగారు, కొడుకును బలివ్వబోయిన అబ్రాహాముకు బదులుగా పొదలో పొట్టేలు దొరికిన సంగతి ఎత్తుకుని, మధ్యలో ఆపేసి, మంచినీళ్ళు అడిగారు.

వదిన రోజూ పైకి భోజనం పంపేది. ఏడాదిపాటు మాట మాత్రం పంపలేదు. ఒకరోజు ఆవిడ మిషను బెల్టు తెగితే ఆయనే వచ్చి కింద కూర్చుని కొత్తది ఎక్కిస్తున్నాడు. ఆవిడ ఎదురుగా పీట వేసుకుంది.

"ఒక్కటి అడుగుతాను మరిదిగారూ, డొంకతిరుగుడు లేకుండా చెప్పండి. రేపు మళ్ళీ అలాంటి తాడే కనబడి, పైన మా చెల్లే ఉందనుకోండి. ఆపుతారా?"

ఆయన బెల్టు వదిలేసి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఆపుతాను వదినా. ఆపమనే దేవుడు చెప్పాడు. మీ గది వద్దనమని ఆయన చెప్పలేదు. అది నేనే అన్నాను."