పదహారుకి కాస్త ఇవతల

కాన్ పెద్దాయన నోట "అందింది" అన్న మాట వినాలంటే పెట్టి పుట్టాలి.

తైపే పాత ఎలక్ట్రానిక్ బజారులో, నేలకింది అంతస్తులో, కంప్యూటర్లో బొమ్మలు నడిపించే వీడియో కార్డులు పరీక్షించడం ఆయన పని. కార్డులోని మెమరీ చిప్పు సెకనుకి పదహారు గిగాబిట్ల వేగాన్ని తట్టుకుంటుందని చిప్పు చేసినవాళ్లు చెబుతారు. కార్డు చేసినవాళ్లు పద్నాలుగు దగ్గరే ఆపేస్తారు. ఆ మిగతా రెండూ లాగి చూడాలని కొనేవాళ్లకి దురద. కాన్ పూటంతా యంత్రం ముందు కూర్చుని, చావు కబురు చెబుతున్నట్టు, "అందలేదు. పదిహేను దగ్గర ఆగింది" అంటాడు. ఎవరు తెచ్చినా అంతే.

లిఫ్టులో పన్నెండుమంది ఎక్కవచ్చని రాసి ఉంటే, పన్నెండోవాడు ఎక్కగానే తను దిగి మెట్లదారి పట్టే మనిషి మరి.

పక్క కొట్టు వాన్‌లింగ్‌కి ఆయన మాట గొంతులో ముల్లు. పాత కార్డులు బాగుచేసి ఏడాది హామీతో అమ్ముతుంది. మొదటి ఏడాది ఎదురు కొట్లో పరీక్ష చేయించిన కార్డుల్లో సగం మాడి తిరిగొచ్చి, కొట్టు మూసేదాకా వచ్చింది.

"పెదనాన్నా, ఒక్కసారి అందిందనండి. నోటి ముత్యాలేం రాలిపోవుగా!"

"అందనిదాన్ని ఎలా అంటానమ్మాయ్?"

"ఎదురు కొట్టాయన చెయ్యి పెట్టకుండానే అందిందంటాడు!"

"ఆయన హస్తవాసి మంచిది."

ఒక మధ్యాహ్నం, ఆమె కొట్లోకెల్లా ఖరీదైన కార్డుకి బేరం తగిలింది. పదహారు అందితేనే కొంటానని చెప్పి, కొనేవాడు టీకి వెళ్లాడు. అది అమ్ముడైతే ఆ నెల గట్టెక్కినట్టే. వాన్‌లింగ్ వేడి మాంసం బన్నులు పట్టుకుని కాన్ వెనకగా వెళ్లింది. తెర మీద పదహారు కనిపిస్తోంది, తప్పు ఒక్కటీ లేదు.

కొనేవాడు తిరిగొచ్చాడు. "అందలేదు బాబూ, పదిహేనే" అన్నాడు కాన్. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్లిపోయాడు.

"కళ్లారా చూశాను, పదహారుంది!" వాన్‌లింగ్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. "నేనేం చేశానని నా పొట్ట కొడుతున్నారు?"

కాన్ బల్ల మీది పెద్ద ఫ్యాను చూపించాడు.

"ఈ గాలికి, ఈ చలిలో అందింది. జులైలో వాడి మేడమీది గదిలో అందుతుందా? అందిందంటే వాడు పదహారు మీదే పరిగెత్తిస్తాడు. మాడాక ఎవరి గుమ్మం ఎక్కుతాడు?"

వాన్‌లింగ్‌కి కిందటేడు లెక్క గుర్తొచ్చింది. ఒక్క కార్డూ వెనక్కి రాలేదు. అదంతా తన పనితనమే అనుకుంది ఇన్నాళ్లూ.

"మరి నాకైనా చెప్పొచ్చుగా, పెదనాన్నా!"

"చెబితే కొనేవాళ్ల ముందు నీకు నవ్వాగదు" అన్నాడాయన, అంతే గంభీరంగా బన్ను కొరుకుతూ.

ఆమెకి నిజంగానే ఆగలేదు.